ఏడు వేల రోజుల చెలమ

6,948వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: స్పష్టం. చూసినది: సుంకమ్మ.

పొద్దున్నే నీళ్ల కచేరీ నుంచి కబురొచ్చింది. గాలిలో తేమను పిండి నీళ్లు చేసే యంత్రాల్లో ఒకటి మూలపడిందట. అందుకని చెలమకు రోజూ ఇచ్చే తొమ్మిది లీటర్లు ఇకమీదట నాలుగే. ఎన్నాళ్లు అని అడిగితే చెప్పలేమన్నారు.

తొమ్మిది ఎందుకు కావాలో కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఏం తెలుసు? పదకొండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మోకాలి లోతు. మూత లేని నీళ్లు. రోజుకు తొమ్మిది లీటర్లు గాలిలో కలిసిపోతాయి. పోయినంత పోయాలి. నాలుగే పోస్తే నెలకు అంగుళం చొప్పున దిగుతుంది, నాలుగంగుళాలు దిగితే నడిమిన నీళ్లు ఎగదోసే చిమ్ముకు నీళ్లందవు. చిమ్ము ఆగితే ఇది చెలమ కాదు, తొట్టి.

మధ్యాహ్నం వంటశాలలో అందరి ముందూ ఈ మాటే గట్టిగా అన్నాను. పళ్లేల మీంచి తలెత్తి విన్నారు. మళ్లీ అన్నం కలుపుకున్నారు. మంచు కోసేవాళ్లు మాటల మనుషులు కారు. ఎనిమిది గంటలు హెల్మెట్‌లో సొంత ఊపిరి తప్ప ఇంకేమీ వినబడని పని. అందుకే పాళీ దిగగానే నేరుగా చెలమ గట్టు మీదికొచ్చి కూర్చుంటారు. చెవులు కడుక్కోవడం అంటారు దాన్ని. చేతులు ముంచరు, మాట్లాడరు, ఊరికే నీళ్ల చప్పుడు వింటారు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి చిమ్మిన చుక్క నిలువెత్తు లేచి, దిగాలా వద్దా అని కాసేపు ఆలోచించి మరీ దిగుతుంది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో మా నలభై ఇళ్లకే తెలుసు. చందమామ మొత్తం మీద మూత లేని నీళ్లు ఇవొక్కటే.

6,956వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: స్పష్టం. చూసినది: సుంకమ్మ.

మట్టం దిగలేదు. ఎనిమిది రోజులుగా నాలుగు లీటర్లే పోస్తున్నాను, వెంట్రుక వాసి కూడా దిగలేదు. చిమ్మును జానెడు తగ్గించాను, దాంతో తుంపర గాలికి పోవడం ఆగింది. అంతే కిటుకు. తొమ్మిది లీటర్ల పని నాలుగుతో చేసి చూపించాను. కచేరీ వాళ్లు వచ్చి నేర్చుకుని పోవచ్చు.

వంటశాలలో మాత్రం పప్పు చప్పగా ఉంది. పోపులో కరివేపాకు లేదు. వంట చేసే ఉసేన్బీని అడిగితే ఇళ్లలో చెట్లు ఎండిపోయాయంది. ఇంటికి ఒక్క కుండీ. బియ్యం కడిగిన నీళ్లు ఒక్కటే కచేరీకి తిరిగివ్వక్కర్లేని నీళ్లు, ఆ కడుగు పోస్తే చాలు కరివేపాకు గుబురుగా పెరుగుతుంది. అదీ చేతకావడం లేదు ఈ కాలం వాళ్లకు. నేను రెండు వేల ఎనిమిది వందల లీటర్ల నీళ్లు పంతొమ్మిదేళ్లుగా అద్దంలా ఉంచుతుంటే వీళ్లకు ఒక్క మొక్క బతికించుకోవడం రావడం లేదు. ఆ మాట కూడా అనేశాను. ఉసేన్బీ తల వంచుకుని గరిటె కడుక్కుంది.

6,967వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: స్పష్టం. చూసినది: సుంకమ్మ.

చిమ్ము పెదవి మీద పచ్చటి పొర. గోరంత. గీకి వేలి మీదికి తీసుకుని చూశాను. పాచి.

నా చెలమలో పాచి. రాయడానికే సిగ్గుగా ఉంది. మొదటి ఏడాది ఒకసారి వచ్చింది, అప్పుడు మా ఆయన ఓబులేసు బతికే ఉన్నాడు, ఇద్దరం కలిసి రెండు రోజుల్లో వదలగొట్టాం. ఆ తర్వాత మళ్లీ నా కంట పడలేదు. ఈ గట్టు పలకలన్నీ ఆయన కోసినవే. బేతంచెర్లలో నాపరాళ్లు కోసిన వంశం, ఇక్కడ మంచు కోశాడు, మిగిలిన రాతితో దీన్ని కట్టాడు. ఆయన తమ్ముడు మద్దిలేటి పలకలందించాడు. చెలమ అని పేరు పెట్టింది భూమ్మీదున్న మా అవ్వ.

బ్రష్షుతో చిమ్మంతా రుద్దాను. పోయింది.

6,971వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: స్పష్టం. చూసినది: సుంకమ్మ.

పోలేదు. ఈసారి గట్టు చుట్టూ పట్టింది.

పాచికి కావలసింది వెలుగు. వెలుగు తెచ్చేది అద్దం. గుట్ట కొసన ఉన్న ఆ పెద్ద అద్దాన్ని తిప్పుతూ చెలమ ఉన్న ఈ తోటలోకి ఎండ దింపే పని మా మరిది మద్దిలేటిది. నేరుగా అద్దాల గదికెళ్లి కడిగేశాను. చిక్కుడు తీగల మీద ప్రేమతో చెలమ మీద ఎండ కుమ్మరిస్తున్నావని, కూర్చుని కునికిపాట్లు పడితే అద్దం దానంతటదే తిరగదని అన్నాను. వదిన అన్నాక మరిదిని అనే హక్కు ఎటూ ఉంది, దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

మామూలుగా నేనొకటంటే తను రెండంటాడు. ఇవాళ నా వైపు ఒక చూపు చూసి, అద్దం ఎప్పటిలాగే తిరుగుతోందన్నాడు. “నీకట్ల అనిపిస్తే రోజుకు రెండు గంటలు మూస్తాలే వదినా,” అన్నాడు. తప్పు ఒప్పుకున్నట్టే అనుకుని వచ్చేశాను.

6,980వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: మసక. చూసినది: సుంకమ్మ.

రెండు గంటలు మూశాక చిక్కుడు పూత రాలింది, పాచి మాత్రం పెరిగింది. ఇప్పుడు నీళ్లలో దారాల్లా సాగుతోంది. పుల్లకు చుట్టి లాగితే జడంత వస్తుంది, మర్నాటికి మళ్లీ జడంత. పాచి తింటాయని చెలమలో పెంచే నత్తలు తినలేక అలసిపోయి పలకలకంటుకుని కూర్చున్నాయి. పంపుకు కట్టిన వడకట్టే గుడ్డ మూడుసార్లు మార్చాను. మోకాళ్ల మీద కూర్చుని రోజంతా గీకుతున్నాను.

పాళీ దిగినవాళ్లు కూర్చుంటున్నారు, వింటున్నారు, వెళ్తున్నారు. ఇద్దరు ముగ్గురు సాయం పడతామన్నారు. పక్కకు జరగమన్నాను. తెలియని చేతులు పడితే ఉన్నదీ పోతుంది.

6,987వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: బాగా మసక. చూసినది: సుంకమ్మ.

అడుగున ఉన్న తెల్ల బిళ్ల గురించి రాయాలి. పళ్లెమంత రాయి, నడిమిన నల్ల చుక్క. సాయంత్రం గంటకు గట్టు మీద నిలబడి చూసి, కనబడిందో లేదో కచేరీకి చెప్పాలి. వరుసగా మూడు రోజులు కనబడకపోతే నాలుగో రోజు పొద్దున గొట్టం తెచ్చి చెలమను పీల్చేస్తారు. పాచి పట్టిన నీళ్లు ఊరి గొట్టాల్లోకి పాకితే అందరి ప్రాణానికీ ముప్పు కనుక ఆ నియమం. నియమం మంచిదే. మొదటి రోజున దానికి సంతకం పెట్టింది నేనే.

ఇవాళ నల్ల చుక్క కనబడలేదు, తెలుపు మాత్రం కనబడింది. స్పష్టం అని రాస్తే ఎవరు చూడొచ్చారు? కానీ ఈ పుస్తకంలో ఆరు వేల తొమ్మిది వందల ఎనభై ఆరు నిజాలున్నాయి. వాటి పక్కన ఒక అబద్ధం పెట్టలేను. నాకున్న గర్వమంతా ఆ నిజాల మీదే.

6,991వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: కనబడదు. చూసినది: సుంకమ్మ.

మొదటి రోజు.

కచేరీలో తనిఖీ చూసే వకుళ ఫోను చేసింది. గొంతులో జాలి ఉంది. నాకు అది నచ్చలేదు.

సాయంత్రం గట్టు మీద కూర్చుని ఈ పుస్తకం వెనక్కి తిరగేశాను. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోవాలని. ప్రతి పేజీలో ఒకటే మాట: గీత మీద, గీత మీద, గీత మీద. చిమ్ము జానెడు తగ్గించినందుకు ఐదు లీటర్లు మిగలడమా? తుంపర ఎంతని, మహా అయితే అర లీటరు. మిగతాది పైనుంచి పోతూనే ఉండాలి. నలభై మూడు రోజులుగా రోజుకు నాలుగైదు లీటర్లు ఎక్కడినుంచో వచ్చి పడుతున్నాయి. నేను రాసిన లెక్కే నాకు చెబుతోంది, నా గొప్పతనమని మురిసిపోతూ ఒక్కరోజు కూడా నేను దాన్ని చదవలేదు.

6,992వ రోజు
మట్టం: గీత మీద. బిళ్ల: కనబడదు. చూసినది: సుంకమ్మ.

రెండో రోజు. కానీ ముందు మధ్యాహ్నం జరిగింది రాస్తాను.

రోజూ పాళీ మారే వేళకు నేను భోజనానికి వెళ్తాను. ఇవాళ వెళ్లినట్టే వెళ్లి చిక్కుడు పందిరి వెనక కూర్చున్నాను. గనిలోంచి వాళ్లు వచ్చారు. ఒకరి వెనక ఒకరు. మొదటివాడు గట్టు మీద కూర్చునే ముందు చొక్కా లోపలినుంచి చిన్న చెంబు తీశాడు. చప్పుడు కాకుండా, అంచు వెంబడి, పాలలా తెల్లగా ఉన్న నీళ్లు వంచాడు. వెనకవాడూ అంతే. ఇళ్లలోంచి ఆడవాళ్లు ఇద్దరొచ్చి వంచి వెళ్లారు. చివర ఉసేన్బీ వచ్చింది. మద్దిలేటి గట్టు పక్కన వంగి గీత చూసి, ఇంక చాలని చెయ్యెత్తాడు.

కడుగు. బియ్యం కడిగిన నీళ్లు. తమ కరివేపాకు కుండీలకు పోసుకోవలసిన నీళ్లు.

పందిరి వెనకనుంచి లేచి వచ్చాను. ఉసేన్బీ చెంబు కొంగు కింద దాచబోయి, ఇంక దాచి లాభం లేదని ఆగిపోయింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. నీళ్లు తగ్గించిన మర్నాటి నుంచేనని మద్దిలేటి చెప్పాడు. రోజుకు పది ఇళ్లు, ఇంటికి అర లీటరు, వంతులు వేసుకున్నారట. వంతుల పట్టీ అద్దాల గదిలో గోడకు ఉందట. ఆ గోడ ముందు నిలబడే నేను అతన్ని కడిగేసింది.

“నాకొక మాట చెప్పాలని ఒక్కరికీ అనిపించలేదా?” అన్నాను.

“చెప్తే పోయనిస్తావా వదినా? పంతొమ్మిదేండ్లాయ, ఒక్కరినన్నా ఆ అంచు తుడవనిచ్చినావా? అన్న పోయిన దినం గూడా నువ్వే వచ్చి బిళ్ల చూసుకుంటివి. మేము చూస్తామంటే వద్దంటివి.”

నిజమే. ఆ రోజు పేజీలో కూడా చూసినది సుంకమ్మ అనే ఉంది.

మరి మీ చెట్లు ఎండిపోయాయి కదా అన్నాను. దానికి ఉసేన్బీ జవాబు చెప్పింది.

“కరేపాకు ఎండితే మళ్లా పెట్టుకుంటాం సుంకక్కా. చెలమ ఎండితే యాడ పెట్టుకుంటాం?”

ఆమెనే నేను అందరి ముందూ మొక్క చూసుకోవడం రాదన్నాను. తల వంచుకుని గరిటె కడుక్కుంది తప్ప పల్లెత్తు మాట అనలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా.

కానీ చెప్పాల్సింది చెప్పక తప్పదు. చెప్పకపోతే రేపు మళ్లీ పోస్తారు. “మీరు పోసిన కడుగే పాచికి కూడు,” అన్నాను. “కరేపాకు దేనితో బలిసిందో పాచీ దాంతోనే బలిసింది.”

గట్టు మీద కూర్చున్న మనుషులు ఒక్కొక్కరే చేతుల్లోని ఖాళీ చెంబుల వైపు చూసుకున్నారు. నా మొండితనం వల్ల దొంగచాటుగా చేయాల్సి వచ్చింది, దొంగచాటుగా చేయడం వల్ల ఇది ముదిరింది. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక్క మాటతో ఆగేది. చెప్పుకునే వీలు వాళ్లకు ఇవ్వనిది నేను. ఆ మాట కూడా పైకే అన్నాను. అనడం కష్టంగానే ఉంది.

సాయంత్రం గంటకు మద్దిలేటి, నేను పక్కపక్కన నిలబడి చూశాం. బిళ్ల కనబడలేదు.

6,993వ రోజు

పై గడులు తర్వాత నింపుతాను. ఇవాళ చేతులకు తీరిక లేదు.

రాత్రి పడుకున్నాక మా అవ్వ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. హంద్రీ ఏరు ఎండిపోయినప్పుడు వాళ్లమ్మ వాళ్లు ఇసుకలో చేత్తో గుంట తీసేవాళ్లట. మొదట ఊరే నీళ్లు మురికిగా ఉంటాయి, వాటిని తోడి పారబోస్తే తర్వాత తేటగా ఊరతాయట. దానిపేరే చెలమ. ఆ పేరు పెట్టుకుని మేం రాతి తొట్టి కట్టాం. ఇసుక మాత్రం వేయలేదు. పంతొమ్మిదేళ్లు ఆ పేరు పిలుస్తూ ఆ పని మరిచాం.

పొద్దున్నే ఈ సంగతి చెప్పి అందరినీ సాయం అడిగాను. పొద్దున పాళీ వాళ్లు పనిని రాత్రికి మార్చుకున్నారు, మధ్యాహ్నం వాళ్లు రేపటికి. నలభై ఇళ్లూ వచ్చాయి. బిందెలు, చెంబులు, వంటశాల గుండిగలు, పనికిరాని పాత హెల్మెట్లు, నీళ్లు పట్టేవన్నీ వచ్చాయి. వరుసగా నిలబడి చేతి మీదుగా చెలమను తోడేశారు. ఒక్క బొట్టు నేలపాలు కాలేదు. బరువు తక్కువ లోకం కాబట్టి ముసలివాళ్లు కూడా చంకకొక బిందె చొప్పున మోశారు. అడుగున చిక్కిన పచ్చటి ముద్దంతా ఎండిన కరివేపాకు కుండీలకు పంచాం. తిన్నది తిరిగి ఇమ్మని పాచిని అడిగినట్టయింది.

గనిలో పలకలు కోసినప్పుడు రాలే రాతి ఇసుక గుట్టలు గుట్టలు ఉంది. ఉసేన్బీ పిండి జల్లెడ తెచ్చింది. లావు రాళ్లు అడుగున, సన్నవి పైన, తొట్టిలో సగం మేర ఏటవాలుగా నింపాం. ఇసుక తేలిన చోట సందులు వదిలి పలకలు పరిచాం. ఆ పలకలు ఎలా కుదరాలో మద్దిలేటి చూశాడు, అన్న దగ్గర నేర్చిన పని చెయ్యి మరవలేదు. నేను గట్టు మీద నిలబడి పురమాయించబోయాను. రెండోసారి నోరు తెరిచేసరికి, “నువ్వూ ఒక చెంబు పట్టు వదినా,” అన్నాడు. పట్టాను.

పచ్చ నీళ్లను ఇసుక మీద పోశాం. అవతలి వైపు ఊరిన మొదటి నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. తోడి మళ్లీ ఇసుక మీదే పోశాం. రెండోసారి లేత పచ్చ. మళ్లీ పోశాం. నాలుగోసారో ఐదోసారో, అందరి చేతులూ పీకుతున్నప్పుడు, ఇసుక అంచు కింద నీళ్లు ఊరుతున్నాయో లేదో తెలియనంత తేటగా ఊరాయి. చేయి పెట్టి తడి తగిలితేనే నీళ్లని తెలిసింది. ఇంత తేటగా నా చెలమ మునుపెన్నడూ లేదు. నా చేతుల కింద కూడా లేదు. అది ఒప్పుకోవడానికి నాకేమీ బాధగా అనిపించలేదు, పైగా ఛాతీ పొంగింది.

సాయంత్రం గంట కొట్టింది. నలభై ఇళ్లూ గట్టు చుట్టూ వంగి చూశాయి. తెల్ల బిళ్ల, నడిమిన నల్ల చుక్క.

మట్టం: కొత్త గీత గీయాలి. బిళ్ల: స్పష్టం. చూసినది అన్న గడి ఇవాళ ఖాళీగా ఉంచుతున్నాను.

7,000వ రోజు
మట్టం: కొత్త గీత మీద. బిళ్ల: స్పష్టం.

వకుళ తనిఖీకి వచ్చింది. చెలమ సగానికి సగం చిన్నదైందని ముందు నొసలు చిట్లించింది. నీళ్లు కొలిచింది, గొట్టాలు చూసింది, ఇసుక పిడికిట పట్టి చూసింది. ఇప్పుడు గాలికి విప్పి ఉన్నది సగమే కాబట్టి రోజుకు నాలుగు లీటర్లే ఖర్చు. ఏడు రోజుల లెక్క చూపించాను. ఈసారి చదివి మరీ చూపించాను. యంత్రం బాగయ్యాక పాత తొమ్మిది ఇస్తామంది. అక్కర్లేదన్నాను. ఆ ఐదూ ఇళ్లకు పంచమన్నాను.

తర్వాత ఆమె కొత్త పలకల మీద కూర్చుంది. చిమ్ము ఎగదోసిన నీళ్లు నిదానంగా దిగి ఇసుక మీద పడి ఇంకి, మళ్లీ ఊరే చప్పుడు. మునుపటికంటే మెత్తగా ఉంది. బండి టైమైందని రెండుసార్లు పిలిచారు. మూడోసారికి లేచింది.

మద్దిలేటి వచ్చి నా చేతిలో ఒక రెమ్మ పెట్టాడు. వాళ్లింటి కుండీలో ఎండిన మోడు పక్కన వేసిన కొత్త చిగురు. నాలుగే ఆకులు. పోపుకు చాలవు. పుస్తకంలో ఈ పేజీలో పెట్టాను.

వెళ్తూ వెళ్తూ వకుళ కాగితం తీసి, దీన్ని ఎవరు చూస్తున్నట్టు రాసుకోవాలని అడిగింది. కచేరీకి ఒక్క పేరే కావాలట. పుస్తకం చూసి రాసుకోమన్నాను. ఏడు రోజులుగా ఖాళీగా ఉన్న ఆ గడి ఆమె ముందే నింపాను. ఆరు వేల తొమ్మిది వందల తొంభై రెండు సార్లు రాసిన పేరే. కాకపోతే చోటు మారింది.

చూసినవారు: నలభై ఇళ్లు. ఈ రోజు వంతు: సుంకమ్మ.